సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకు సరైన ధర కట్టడం ఎలా

ప్రకటనలో కనిపించే ధర అమ్మేవారు ఆశిస్తున్న మొత్తమే తప్ప కారు విలువ కాదు. అదే రకం కార్లు ఈ మధ్య నిజంగా ఎంతకు చేతులు మారాయో తెలుసుకోవడంతోనే లెక్క మొదలుపెట్టాలి. వేలంలో అమ్ముడైన కార్ల తుది ధరలు బహిరంగంగా ఉంటాయి కాబట్టి వాటిని ముందు సేకరించుకోవాలి. మామూలు ప్రకటనల విషయంలో కొన్ని వారాల పాటు ఓపికగా గమనించి, ఏ కారు మూడు రోజుల్లో మాయమైంది, ఏది మూడు నెలలుగా అక్కడే ఉంది, ఏది రెండుసార్లు ధర తగ్గించుకుంది అన్నది తేదీలతో సహా రాసి పెట్టుకోవాలి. నెలల తరబడి అమ్ముడుపోని ధరను పోలికకు తీసుకోవడం దండగ.

పోల్చే కార్లు పేరుకే కాక నిజంగా ఒకే రకానివి కావాలి. పోర్షే 911లో 996 అనే కోడ్ ఉన్న తరాన్నే తీసుకుంటే, మామూలు కరేరాలో ఉన్న ఇంజిన్ వేరు, టర్బోలోనూ జీటీ3లోనూ ఉన్న ఇంజిన్ వేరు. పైకి ఒకే కారులా కనిపించినా వాటి ధరలను పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు. గేర్‌బాక్స్ కూడా అంతే ముఖ్యం. ఫెరారీ ఎఫ్430లో మాన్యువల్ గేరుతో వచ్చినవి తక్కువ కాబట్టి, స్టీరింగ్ వెనుక మీటలతో గేరు మార్చే రకం కంటే వాటికి చాలా ఎక్కువ ధర పలుకుతుంది. తరం, ఇంజిన్, గేర్‌బాక్స్, పైకప్పు రకం అనే నాలుగూ కలిసిన కార్లు అయిదారు దొరికితే చాలు. వాటి సగటు కాకుండా మధ్య విలువను, అంటే ధరలను వరుసలో పేర్చితే సరిగ్గా నడిమికి వచ్చే అంకెను తీసుకోవాలి, ఎందుకంటే అద్దాల గదిలో దాచిన ఒక్క కారు సగటును అనవసరంగా పైకి లాగేస్తుంది.

ఇక మీరు చూస్తున్న కారు సంగతి. అందరూ ముందు చూసేది ఓడోమీటరునే, నా దృష్టిలో దానికి ఇస్తున్న విలువ మాత్రం ఎక్కువే. తక్కువ తిరిగిన కారు మంచిదన్న నమ్మకంతో జనం అదనంగా డబ్బు పెడతారు కానీ, ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది, బ్రేక్ క్యాలిపర్లు పట్టేస్తాయి. టైరు పక్కగోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే ఆ టైరు 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా, గాడుల మధ్య సన్నని పగుళ్లు కనిపించే అలాంటి టైర్లను మార్చక తప్పదు. నాలుగు టైర్ల మీదా వేర్వేరు సంవత్సరాలు, వేర్వేరు కంపెనీల పేర్లు కనబడితే, యజమాని మిగతా ఖర్చుల దగ్గరా అలాగే చేయి బిగించి ఉంటాడని అనుమానించవచ్చు.

ఓడోమీటరు కంటే బిల్లుల ఫైలు ఎక్కువ నిజం చెబుతుంది. సర్వీసు పుస్తకంలో ముద్రలు వేయించుకోవడం కష్టమేమీ కాదు. ఏ భాగం మార్చారో, ఎంత తీసుకున్నారో, ఆ రోజుకు కారు ఎంత తిరిగిందో రాసి ఉన్న బిల్లులు కావాలి. ఆ బిల్లులను తేదీల ప్రకారం పేర్చి, కిలోమీటర్ల అంకె ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లకుండా పెరుగుతూ వచ్చిందో లేదో చూడాలి. ఒక బిల్లులో 62,400, ఏడాది తరువాతి బిల్లులో 58,900 అని ఉంటే, అది రాతపొరపాటని అమ్మేవారు ఎంత చెప్పినా, మరో ఆధారం దొరికే దాకా ఆ కారుకు ధర కట్టకపోవడమే మంచిది. మధ్యలో మూడు నాలుగేళ్లు ఒక్క కాగితం కూడా లేకపోతే అది మోసమని చెప్పలేం గానీ, ఆ కాలంలో ఏమీ చేయించలేదన్న లెక్కనే ధర తగ్గించాలి.

ప్రతి మోడల్‌కూ పేరుపడిన బలహీనత ఒకటి ఉంటుంది, ధరలో అసలు తేడా తెచ్చేది అదే. 1990ల చివరి నుంచి 2008 వరకు వచ్చిన పోర్షే 911, బాక్స్‌స్టర్, కేమన్‌లలో చాలావాటికి ఇంజిన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీని పట్టి ఉంచే బేరింగ్ గురించిన భయం ఉంది. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోయినట్లే. మార్చడానికి వీలున్న కార్లలో ఆ బేరింగ్‌ను చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి కనుక, క్లచ్ మార్చినప్పుడే ఆ పనీ చేయించేస్తారు. కాబట్టి క్లచ్ బిల్లు ఉండి బేరింగ్ ప్రస్తావన లేకపోతే ఎందుకు వదిలేశారని అడగాలి. బీఎండబ్ల్యూ ఎం3లో E46 అనే కోడ్ ఉన్న తరానికి వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించిన చోట అడుగు రేకు చీలుతుంది, తరువాతి వీ8 తరానికి పిస్టన్ల కింద ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి. మొదటిది కారును పైకెత్తి, కింద నిలబడి లైటు వేసి చూస్తే తప్ప తెలియదు. పాత మాజ్డా ఎంఎక్స్-5లో తలుపుల కింది సిల్‌లు లోపలి నుంచి తుప్పు పడతాయి. ఫెరారీ ఎఫ్355కి ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజిన్‌ను కిందికి దించాల్సిందే, పైగా బెల్టు వయసు కారు తిరగకపోయినా ఆగదు.

మాజ్డా ఆర్ఎక్స్-8 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవకగా కనిపించి ముంచేసే కార్లలో అది ముందుంటుంది. దాని రోటరీ ఇంజిన్‌లో పిస్టన్లకు బదులు త్రికోణాకారపు రోటర్లు తిరుగుతాయి, ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు ఉంటాయి. కంప్రెషన్‌ను, అంటే ఇంజిన్ లోపల గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటుందో కొలిచే మామూలు మీటర్ పెడితే మూడింటిలో ఎక్కువ ఉన్న అంకె ఒక్కటే కనిపిస్తుంది, బలహీనపడిన ముఖం దాని చాటున దాగిపోతుంది. మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ పరికరంతో కొలిపించిన కాగితం లేకపోతే, ఇంజిన్ పని అవసరమన్న లెక్కతోనే ధర అడగాలి. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి వెంటనే తిరిగి స్టార్ట్ చేయమని అడగండి. అప్పుడు ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే కంప్రెషన్ తగ్గిందనడానికి అది గుర్తు.

పైన పటారం లోన లొటారం అన్న మాటకు యాక్సిడెంట్ అయిన కారును మించిన ఉదాహరణ లేదు. పెయింటు మందం కొలిచే చిన్న పరికరంతో ప్రతి ప్యానెల్‌నూ నాలుగైదు చోట్ల తాకించి చూడాలి. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీదే 300 దాటితే మళ్లీ పెయింటు వేశారని, వెయ్యి దగ్గరికి వస్తే కింద పుట్టీ ఉందని అనుకోవాలి. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ వంటి అల్యూమినియం బాడీ కార్ల మీద అయస్కాంతంతో కొలిచే పరికరం పనిచేయదు, అల్యూమినియాన్ని కొలవగల పరికరమే కావాలి. గీతలు పడి పెయింటు వేసిన బంపర్‌కూ, చాసిస్ (కారు బరువును మోసే చట్రం) సరిచేసిన కారుకూ ఒకే కోత పెట్టకూడదు. మొదటిది స్వల్ప విషయం, రెండోది కొనకుండా వెనక్కి రావడానికి సరిపోయే కారణం.

ట్రాక్ మీద నడిపిన కారు చెడ్డదని నేననుకోను, సరిగ్గా చూసుకున్న యజమానులు అక్కడే ఎక్కువగా కనిపిస్తారు. భయపడాల్సింది పొరపాటు గేరుకు. వేగంలో నాలుగుకు బదులు రెండో గేరు పడితే, ఇంజిన్ మితిమీరి తిరగకుండా పెట్రోలు ఆపేసే ఏర్పాటు కూడా ఇంజిన్‌ను కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. పోర్షేల్లో ఈ అతివేగపు భ్రమణాలను ఇంజిన్ కంప్యూటర్ తీవ్రతను బట్టి వర్గాలుగా విడదీసి, ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచాక జరిగిందో కూడా నమోదు చేస్తుంది. ఆ రిపోర్టు అడిగి తీసుకోవాలి. మార్పులు చేసిన కారుకు పెట్టిన ఖర్చు తిరిగి రాదు. తీసేసిన అసలు భాగాలు కారుతో పాటు ఇస్తే మాత్రం నష్టం కొంత తగ్గుతుంది.

ఇవన్నీ అంకెల్లోకి తేవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. అమ్ముడైన ఆరు కార్ల ధరలు, ఏ ప్రమాణంలోనైనా సరే, 92, 95, 98, 102, 104, 131 అనుకుందాం. నడిమి రెండూ 98, 102 కాబట్టి మధ్య విలువ 100. మీ కారు టైర్లు ముసలివి, కొత్తవాటికి 3 అవుతుంది. అయితే 3 మొత్తం తగ్గించకూడదు, ఎందుకంటే పోల్చిన కార్లవీ సగం అరిగిన టైర్లే, ఆ సగం నష్టం 100లో ఇప్పటికే కలిసి ఉంది. కాబట్టి ఒకటిన్నర తగ్గించాలి. క్లచ్ చివరి దశలో ఉండి దాని పని 6 అయితే, అదే లెక్కన 3 పోతుంది. బిల్లులు లేని మూడేళ్లకు 5, పెయింటు వేసిన తలుపుకు 2 తీయాలి. మోడల్‌కు పేరుపడిన లోపాన్ని ముందే సరిచేయించి బిల్లు చూపిస్తే 4 కలపాలి. చివరకు 92.5 వస్తుంది. అమ్మేవారు 108 అడుగుతుంటే, 90 నుంచి 95 వరకు న్యాయమైన పరిధి అని మీ చేతిలో కాగితం ఉంటుంది. ఒకే లోపాన్ని రెండుసార్లు తీసేస్తే అమ్మేవారు ఒప్పుకోరు, అందులో వారి తప్పేమీ లేదు.

ఈ కాగితం కారు చూడటానికి వెళ్లకముందే సగం నింపుకోవాలి. స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందుగా చెప్పి, వెళ్లగానే ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా తగిలితే, చల్లటి ఇంజిన్ చేసే ఏదో చప్పుడు మీకు వినిపించకూడదని వారు అనుకున్నట్లే. ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద పరీక్ష చేయించడానికి ఖర్చు మీదే అన్నా ఒప్పుకోని అమ్మకందారు ఎదురైతే, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేయడమే.