కొండ వాటర్‌షెడ్‌లో (వాన నీరంతా ఒకే వాగులోకి దిగే ప్రాంతంలో) సమస్య కింద కనబడితే పైకెక్కి వెతకండి

చెక్‌డ్యామ్ రెండు మూడు వానాకాలాలకే పూడిపోయింది

తొలి వానకు వాగులో వచ్చే నీళ్ళు చూడండి. చిక్కగా, మట్టిరంగులో ఉంటే పైన వాలు బోడిగా ఉందని అర్థం. పూడిక తీయిస్తే ఒక్క ఏడాది ఊరట దొరుకుతుంది, అంతే. పని కొండ నెత్తిన మొదలవ్వాలి: పైన గడ్డి, చెట్లు, నడి వాలులో అడ్డంగా, ఒకే మట్టంలో కందకాలు, చిన్న గండ్లలో రాతి కట్టలు. చెక్‌డ్యామ్ అన్నిటికన్నా చివర. చాలా చోట్ల ఈ వరస తలకిందులవుతుంది, ఎందుకంటే చెక్‌డ్యామ్ అందరికీ కనబడుతుంది, గడ్డి కనబడదు.

రాతి కట్ట మధ్యలో కాస్త పల్లంగా ఉండాలి. లేదంటే నీళ్ళు పక్కల నుంచి గట్టును కోసుకుంటూ పోతాయి. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే ఎత్తులో ఉండేలా దూరం చూసుకోండి.

కందకాలు వానకు తెగిపోతున్నాయి

దాదాపు ఎప్పుడూ మట్టం తప్పడమే కారణం. కందకం ఒక కొస పల్లంగా ఉంటే నీళ్ళన్నీ అక్కడే చేరి తెంపుకుపోతాయి. కంటి అంచనాను నమ్మొద్దు, మట్టం చూసే ఏ-ఫ్రేమ్ చేసుకోండి. రెండు సమానమైన కర్రలను పైన ముడివేసి, కింద కాళ్ళు ఎడంగా పెట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. ముడి నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. కాళ్ళు ఆనిన రెండు చోట్లా నేల మీద గుర్తు పెట్టి, అడ్డకర్ర మీద తాడు ఆగిన చోట గీత పెట్టండి. కాళ్ళు తారుమారు చేసి, అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత పెట్టండి. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ మూడోది గీయండి. తాడు దాని మీద ఆగితే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టే.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. వాలు మీద నేల నెర్రెలు విచ్చినా, చెట్లు ఒరిగినా అక్కడ కందకాలు తవ్వకండి. నీరు ఇంకే కొద్దీ కొండచరియ జారే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి చోట నీటిని పక్కకు మళ్ళించాలి.

ఊట వేసవికి ముందే ఎండిపోతోంది

ఊటకు సరిగ్గా పైనే కందకాలు తవ్వేసి, ఫలితం రాలేదని దిగులుపడేవాళ్ళు ఎక్కువ. నీరు రాతిపొరల వాలును బట్టి నడుస్తుంది. ఊట ఇవతలి వైపు ఉన్నా, దానికి నీళ్ళిచ్చే చోటు కొండకు అవతలి వైపు ఉండవచ్చు. ముందు పొరలు ఎటు ఒరిగాయో తెలిసినవాళ్ళకు చూపించండి. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ అనే ఊటల పునరుద్ధరణ కార్యక్రమం ఈ లెక్కతోనే నడిచింది: నీరు ఇంకే చోటు గుర్తించి, అక్కడ కందకాలు తవ్వారు. పని మొదలవ్వకముందు నుంచే, బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వారానికోసారి రాసిపెట్టండి. ఈ లెక్క లేకపోతే మేలు జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు.

నాటిన మొక్కలను మేకలు తినేశాయి

కంచె వేస్తే తెంపుతారు, కాపలా పెడితే గొడవలవుతాయి. మేకలవాళ్ళను తప్పుపట్టలేం. వాలు మూసేస్తే నష్టం వాళ్ళది, నీళ్ళు మాత్రం కింద పొలం ఉన్నవాళ్ళవి.

చండీగఢ్‌లో 1958లో కట్టిన సుఖ్నా సరస్సు పూడిపోతుంటే, ఆ మట్టి ఎక్కడిదని వెతుకుతూ శివాలిక్ కొండల్లోని సుఖోమాజ్రి అనే ఊరి దాకా వెళ్ళారు. అక్కడి వాలులు మేకలు మేసి బోడిగా ఉన్నాయి. 1970లలో నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా బృందం అక్కడ వాన నీళ్ళు నిలిపే మట్టికట్ట కట్టించింది. నీళ్ళు కొందరికే అందడంతో పేచీ వచ్చింది. చివరికి భూమి లేని ఇళ్ళతో సహా ప్రతి ఇంటికీ నీటిలో సమాన వాటా అని ఊరు ఒప్పుకుంది. తమ వాటాను వాడుకోలేనివాళ్ళు అమ్ముకోవచ్చు. ఆ తర్వాత విచ్చలవిడి మేత ఆగింది, గడ్డి తిరిగొచ్చింది, మేకలు తగ్గి గేదెలు పెరిగాయి.

కాబట్టి గుంతలు తీయకముందే మేకలున్న ఇళ్ళకు వెళ్ళండి. వాలు మూసి ఉంచే ఏళ్ళలో మేత ఎక్కడి నుంచి వస్తుంది, నీటిలో వాళ్ళ వాటా ఎంత అన్నది వాళ్ళ ముందే తేల్చి, ఊరి పుస్తకంలో రాయించండి.