ఆఫీసు పనికి చిన్న జట్టు కట్టి నడిపే పద్ధతి

జట్టు కట్టే ముందు ఆ పనికి అసలు జట్టు కావాలా అన్నది తేల్చుకోండి. ఒక్కరికి తెలిసిన విషయాలతో పూర్తయ్యే పనికి నలుగురిని పోగేస్తే పని కన్నా మీటింగులే ఎక్కువవుతాయి. కావాల్సిన సమాచారం ముక్కలు ముక్కలుగా వేర్వేరు మనుషుల దగ్గర ఉన్నప్పుడే జట్టుతో లాభం. సరుకు ఎక్కడ ఆగుతోందో స్టోర్స్‌వాళ్లకు తెలుసు, కస్టమర్ దేనికి విసుక్కుంటున్నాడో సేల్స్‌వాళ్లకు తెలుసు, ఏ బిల్లు ఎందుకు ఆగిందో అకౌంట్స్‌వాళ్లకు తెలుసు. అందుకే సభ్యుల్ని ఎంచేటప్పుడు హోదా చూడకండి. ఒక్కో పేరు పక్కన, మిగతావాళ్లకు తెలియనిది ఈ మనిషికి ఏం తెలుసో ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ పేరు కొట్టేయండి.

ఎంతమంది?

ఐదుగురు చాలు. ఏడుగురు దాటితే పనిని రెండుగా విడగొట్టండి. ఐదుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాల్సిన జంటలు 10. ఏడుగురైతే 21, పన్నెండుమందైతే 66. ప్రతి జంట దగ్గరా ఒక మాట జారిపోయే వీలుంది.

పైగా మనుషులు పెరిగేకొద్దీ తలా ఒక్కరి శ్రమ తగ్గుతుంది. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగించి చూసినప్పుడు బయటపడింది ఇదే. అందరి ఊపూ ఒకేసారి కలవకపోవడం ఒక కారణం. రెండో కారణం 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లటానే, విలియమ్స్, హార్కిన్స్ చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో తేలింది: పక్కన ఇంకొందరు కూడా అరుస్తున్నారని నమ్మితే చాలు, మనిషి తన గొంతు తగ్గించాడు. అందుకే ప్రతి పని పక్కనా ఒకే పేరు, ఒకే తేదీ ఉండాలి. "టీమ్ చూసుకుంటుంది" అని రాసిన పనిని ఎవరూ చూసుకోరు. ఇద్దరి పేర్లు రాసినా దాదాపు అంతే.

మొదటి రోజు ఒక పేజీ

మొదటి మీటింగులోనే అందరూ కలిసి ఒక పేజీ రాయండి. ఏం తయారు కావాలి, ఏ తేదీకి, ఎవరి వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, జనం తరచూ వదిలేసేది, నిర్ణయం ఎవరిదన్నది. అందరి మాటా విని జట్టును నడిపే లీడ్ తేలుస్తారా, మెజారిటీయా, అందరూ ఒప్పుకోవాలా? ఇది ముందే రాసుకోకపోతే, "అడిగారు గానీ వినలేదు" అన్న మాట తర్వాత ఖాయం.

కొన్నాళ్లకు గొడవలు వస్తాయి. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో జట్ల దశలు వివరిస్తూ, కలవడం తర్వాత, కుదురుకోవడానికి ముందు ఈ పెనుగులాటను ఉంచాడు. కంగారుపడకండి, అలాగని వదిలేయకండి. ఆ పేజీ తీసి ముందు లక్ష్యం, తర్వాత వాటాలు, ఆ తర్వాత పనిచేసే పద్ధతి, ఈ వరుసలో చూడండి. "వాళ్లిద్దరికీ పడదు" అనిపించే తగాదాల్లో చాలావాటికి మూలం ఇద్దరి పనుల మధ్య సరిహద్దు రాయకపోవడమే. కొత్త సభ్యుడు చేరితే జట్టు మళ్లీ మొదటికొస్తుంది. ఆ పేజీని అతనితో కలిసి మరోసారి చదవండి.

మీటింగు నడపడం

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 1985లో మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాసర్, టైటస్ చూపించిందేమిటంటే, గుంపులు అందరికీ ముందే తెలిసిన విషయాల గురించే ఎక్కువ మాట్లాడతాయి. ఒక్కరికే తెలిసిన ముక్క బల్ల మీదికి రాకుండానే నిర్ణయం అయిపోతుంది. ఏ ముక్క కోసం ఆ మనిషిని జట్టులోకి తీసుకున్నామో అదే అణిగిపోతుందన్నమాట.

దీన్ని ఆపడానికి ఎజెండాను ముందు రోజే ప్రశ్నల రూపంలో పంపండి. "డెలివరీ గురించి" అని కాదు, "ఆలస్యం ఏ దశలో అవుతోంది?" అని. మీటింగు మొదలవగానే 5 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా జవాబులు రాసుకోవాలి. తర్వాత అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కరు చదవాలి, లీడ్ చివర. ఈ చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ ఖండించకూడదు. చర్చ ఆ తర్వాతే. లీడ్ ముందే అభిప్రాయం చెప్పేస్తే ఈ ఏర్పాటంతా వృథా.

కాదన్న మొదటి మనిషిని కాపాడండి. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్, ఏ గీత ఏ గీతతో సమానమో చెప్పమని చేసిన ప్రయోగంలో, మిగతా అందరూ తప్పు జవాబు చెబుతుంటే చాలామంది కనీసం ఒక్కసారైనా వాళ్లతో గొంతు కలిపారు. నిజం చెప్పే తోడు ఒక్కడు దొరికితే ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. కాబట్టి ఎవరైనా కాదంటే లీడ్ వెంటనే జవాబివ్వకుండా "ఎందుకలా అనిపిస్తోంది, ఇంకాస్త చెప్పండి" అనాలి. ఒక్కసారి వెటకారం చేస్తే ఆ మనిషే కాదు, చూస్తున్న మిగతా ముగ్గురూ నోరు మూసుకుంటారు.

రోజువారీ సమాచారానికి మీటింగు వద్దు. అందరూ ఒకరికి పంపితే ఆ ఒక్కరు క్రోడీకరించడం త్వరగా అవుతుంది. చిక్కుముడి సమస్యను మాత్రం అలా ఒక్కరి గుండా నడపకండి, మధ్యలో ఉన్న మనిషి దగ్గరే మాట ఆగిపోతుంది. వాట్సాప్‌లో తేల్చుకున్న నిర్ణయాన్ని అదే రోజు ఒకే ఫైల్‌లో తేదీ, కారణంతో సహా ఎక్కించండి. కారణం రాయకపోతే మూడు వారాల తర్వాత అదే చర్చ మళ్లీ మొదలవుతుంది.

ముగించడం

పని అయిపోయినా వారం వారం కలుస్తూ ఉండే జట్లు చాలా ఉంటాయి. మొదటి పేజీలోనే రద్దు తేదీ రాయండి. ఆ రోజుకు ఫైళ్లు ఎక్కడున్నాయో, మిగిలిన పనులు ఎవరికి వెళ్తున్నాయో, తర్వాత వచ్చే ప్రశ్నలకు ఎవరు ఏ తేదీ వరకు జవాబిస్తారో రాసి అందరికీ పంపి, గ్రూప్ మూసేయండి.