ఇల్లు ఒడిశాలో, పొలం ఆంధ్రాలో ఉంటే వీలునామా ఇలా రాయండి

పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లలో కొందరికి ఇల్లు ఇక్కడ, పొలం శ్రీకాకుళం వైపు ఉంటుంది, పెద్దాయన పోయాక తగాదా మొదలైతే రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఒంట్లో ఓపిక ఉండగానే వీలునామా రాయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, తెలుగులోనే రాయొచ్చు, కానీ ఒడియా పట్టాలోని ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం ఒక్క అంకె తేడా లేకుండా దించండి. ‘బావి పక్క మడి’ అని రాస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, వాటా వచ్చేవాళ్లు మాత్రం వద్దు. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఆడపిల్లలకీ అందులో సమాన హక్కుంది, ఈ మాట కొడుకులకు ఇప్పుడే చెప్పేయండి. తనను తాను చూసుకోలేని బిడ్డ ఉంటే వకీలుతో మాట్లాడి, ఆ బిడ్డ కోసం ఆస్తిని నమ్మకస్తులు చూసుకునేలా ట్రస్టు పెట్టండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి, ఒడియా అనువాదం దగ్గరుంచుకోండి.