మూత్రపిండ వ్యాధిలో ఇనుము నివేదిక చదవడం – మూడవ పాఠం: ఫెరిటిన్ ఎక్కువే, మరి ఇనుము ఎందుకు అందడం లేదు?

రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ గురించీ, కణంలో దానిని నిల్వచేసే ఫెరిటిన్ గురించీ గత రెండు పాఠాలలో చూశాం. ఈ ప్రొటీన్లను నడిపించే నియంత్రణను ఈసారి తెలుసుకుని, నివేదికలోని ప్రతి అంకె వెనుక ఏ ప్రొటీన్ పనిచేస్తోందో గుర్తించడం సాధన చేద్దాం. చివర లెక్కలున్నాయి కనుక కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

రెండు ఇనుము పరమాణువులతో నిండిన ట్రాన్స్‌ఫెరిన్ వచ్చి కణం పైపొర మీది గ్రాహకానికి అతుక్కోగానే, ఆ చోట పొర లోపలికి ముడుచుకుని చిన్న తిత్తిగా మారుతుంది. తిత్తిలో ఆమ్లత పెరిగి పీహెచ్ సుమారు 5.5కు దిగినప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలి ఇనుము విడుదలవుతుంది. స్టీప్3 అనే ఎంజైము ఆ ఇనుమును ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపానికి మారుస్తుంది, డీఎంటీ1 అనే వాహకం దానిని కణద్రవంలోకి దాటిస్తుంది. ఖాళీ ట్రాన్స్‌ఫెరిన్ మాత్రం నశించదు. గ్రాహకంతోపాటే పైపొరకు చేరి, రక్తపు పీహెచ్ 7.4 తగలగానే విడివడి మళ్ళీ మోతకు సిద్ధమవుతుంది.

ఎంత ఇనుము తీసుకోవాలో కణానికి తెలిపేవి ఐఆర్‌పీ1, ఐఆర్‌పీ2 అనే రెండు ప్రొటీన్లు. కణంలో ఇనుము తగ్గినప్పుడు ఇవి గ్రాహకపు ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి సూచనను మోసే అణువు) తోక భాగానికి అంటుకుని అది త్వరగా ముక్కలు కాకుండా కాపాడతాయి కనుక గ్రాహకాలు పెరుగుతాయి. ఫెరిటిన్ ఎంఆర్ఎన్ఏకు వచ్చేసరికి తల భాగానికి అంటుకుని ప్రొటీన్ తయారీనే ఆపేస్తాయి కనుక నిల్వ తగ్గుతుంది. అంటుకునే చోటు మారినంత మాత్రాన ఫలితం తలకిందులయ్యే ఈ ఏర్పాటు, నా దృష్టిలో, ఈ విషయం మొత్తంలోకీ అందమైనది. ఇనుము సమృద్ధిగా ఉన్నప్పుడు ఐఆర్‌పీ1 ఇనుము–గంధకం గుచ్ఛాన్ని చేర్చుకుని అకోనిటేస్ అనే ఎంజైముగా మారిపోతుంది, ఐఆర్‌పీ2 విచ్ఛిన్నమైపోతుంది.

మూత్రపిండ వ్యాధిలో ఈ యంత్రాంగం సాధారణంగా చెడిపోదు. చిక్కు సరఫరాలో వస్తుంది. ఎర్ర రక్తకణాల తయారీకి రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పేగు నుంచి అందేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగిలినదంతా వయసైపోయిన ఎర్ర కణాలను మింగే మాక్రోఫేజ్ కణాలు తిరిగి రక్తంలోకి వదలవలసిందే. అవి ఇనుమును వదిలే ద్వారం ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోను దానికి అతుక్కుని, దానిని కణంలోపలికి లాగించి విచ్ఛిన్నం చేయిస్తుంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో హెప్సిడిన్ మూడు వైపుల నుంచి పెరుగుతుంది. దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ వల్ల పెరిగిన ఇంటర్‌ల్యూకిన్–6 అనే సంకేత ప్రొటీన్ దాని తయారీని హెచ్చిస్తుంది. మూత్రం ద్వారా పోవలసిన హెప్సిడిన్ వడపోత తగ్గి రక్తంలోనే మిగులుతుంది. మూడవది కొంచెం చుట్టుదారి: మూత్రపిండాలు తయారుచేసే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను తగ్గితే ఎముక మూలుగలోని ఎర్రకణ జనకాలు ఎరిత్రోఫెరోన్ అనే మరో హార్మోనును తక్కువగా విడుదల చేస్తాయి, హెప్సిడిన్‌ను అణచిపెట్టేది ఆ ఎరిత్రోఫెరోనే. ఫలితంగా మాక్రోఫేజ్‌లలో ఇనుము చిక్కుకుపోతుంది, అక్కడి ఐఆర్‌పీలు సమృద్ధి ఉందనుకుని ఫెరిటిన్ తయారీకి వేసిన అడ్డును తీసేస్తాయి, మూలుగలోని కణాలు మాత్రం గ్రాహకాలు పెంచుకుని ఎదురుచూస్తాయి. గాదె నిండుగా ఉన్నా కుండలోకి గింజ రాని స్థితి ఇది. దీనికి తోడు ఇన్‌ఫ్లమేషన్ తనంతట తానే ఫెరిటిన్‌ను పెంచుతుంది కనుక, ఈ రోగులలో ఫెరిటిన్‌ను ఒంటరిగా చదవడం నాకు సమ్మతం కాదు.

ఇక సాధన. సీరం ఇనుమును టీఐబీసీతో (రక్తంలోని ట్రాన్స్‌ఫెరిన్ అంతా కలిసి మోయగల మొత్తం ఇనుముతో) భాగించి 100తో గుణిస్తే ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత శాతం వస్తుంది. కింది అంకెలు సాధన కోసం నేను కల్పించినవి. ఇనుము, టీఐబీసీ రెండూ డెసిలీటరుకు మైక్రోగ్రాములలో, ఫెరిటిన్ మిల్లీలీటరుకు నానోగ్రాములలో ఉన్నాయి.

మొదటి నివేదిక: ఇనుము 36, టీఐబీసీ 400, ఫెరిటిన్ 35. సంతృప్తత 9 శాతం. టీఐబీసీ పెరిగిందంటే కాలేయం ట్రాన్స్‌ఫెరిన్‌ను ఎక్కువగా తయారుచేస్తోందని అర్థం, నిల్వలూ లేవు. ఇది నిజమైన ఇనుము లోపం. డయాలిసిస్ లేనివారిలో సంతృప్తత 20 శాతం లోపు, ఫెరిటిన్ 100 లోపు ఉంటే ఇలా పరిగణించడం వాడుక. హీమోడయాలిసిస్ చేయించుకుంటున్నవారిలో ఫెరిటిన్ హద్దును 200గా తీసుకుంటారు.

రెండవది: ఇనుము 40, టీఐబీసీ 250, ఫెరిటిన్ 420. సంతృప్తత 16 శాతమే, కానీ ఫెరిటిన్ నిండుగా ఉంది. ఇక్కడ హెప్సిడిన్‌ను అనుమానించాలి. దీనిని క్రియాత్మక లోపం అంటారు. పేగు కణాలలోని ఫెర్రోపోర్టిన్ కూడా ఇదే హెప్సిడిన్‌కు లొంగుతుంది కనుక, నోటి ద్వారా తీసుకునే మాత్రలు ఇటువంటివారిలో అంతగా ఫలించకపోవచ్చు.

మూడవదానిలో మెలిక ఉంది. మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతున్న వ్యక్తికి ఇనుము 45, టీఐబీసీ 150. సంతృప్తత 30 శాతం వచ్చింది కదా అని ముందుకు సాగిపోకండి. ఆల్బుమిన్‌తోపాటు ట్రాన్స్‌ఫెరిన్ కూడా మూత్రంలో పోయినందువల్ల భాజకం కుంచించుకుపోయి శాతం పెద్దదిగా కనిపిస్తోంది. రక్తంలో ఇనుము నిజానికి తక్కువే. శాతం లెక్కకట్టే ముందు టీఐబీసీని విడిగా చూసే అలవాటు చేసుకోండి.

వచ్చే పాఠానికి ముందు దీనిని మీరే విప్పండి. హీమోడయాలిసిస్‌లో ఉన్న ఒకరికి ఇన్‌ఫెక్షన్ సమయంలో ఇనుము 30, టీఐబీసీ 200, ఫెరిటిన్ 780. అది నయమయ్యాక, ఇనుము ఇంజెక్షన్ ఏదీ ఇవ్వకుండానే, ఇనుము 52, టీఐబీసీ 230, ఫెరిటిన్ 460. రెండు సంతృప్తతలనూ లెక్కకట్టి, ఈ మధ్యకాలంలో ఏ ఏ ప్రొటీన్లు ఏ దిశలో మారి ఉంటాయో, ఏ వరుసలో మారి ఉంటాయో నాలుగైదు వాక్యాలలో రాయండి.