చేప మాంసంలో తేడా వస్తే ముందు మేత సంచి చూడండి

ల్యాబ్ రిపోర్టులో ఒమేగా-3 తగ్గిందన్నా, చేపను కోస్తే పొట్ట నిండా కొవ్వు ఉందన్నా చాలామంది ముందు నీటినో, చేప పిల్లల రకాన్నో అనుమానిస్తారు. నేను మాత్రం ఏం మేపారని అడుగుతాను. మాంసంలో ప్రోటీన్ మేతను బట్టి పెద్దగా మారదు. జాతిని, సైజును బట్టి చాలా చేపల్లో 16-20 శాతం దగ్గరే ఉంటుంది. మారేది కొవ్వు. అది ఎంత పేరుకోవాలో, ఏ రకం పేరుకోవాలో చాలావరకు తేల్చేది మేతే.

సమస్య: ఒమేగా-3 తక్కువగా వచ్చింది

టెన్షన్ పడేముందు ఆ అంకె దేనిలో శాతమో చూడండి. 100 గ్రాముల మాంసంలో కొవ్వు 2 గ్రాములుండి, అందులో 20 శాతం ఒమేగా-3 అయితే తినేవాళ్లకు అందేది సుమారు 0.4 గ్రాములు. కొవ్వు 10 గ్రాములుండి, అందులో 8 శాతమే ఒమేగా-3 అయినా 0.8 గ్రాములు అందుతుంది. శాతం తక్కువున్న చేపే ఎక్కువ ఇస్తోందన్నమాట. రిపోర్టును గ్రాముల్లోనే అడగండి.

గ్రాముల్లోనూ తక్కువే ఉంటే కారణం మేతలోని నూనె. చేప తిన్న కొవ్వును పెద్దగా మార్చకుండానే దాచుకుంటుంది. సోయా, మొక్కజొన్న, తవుడు ఎక్కువైతే మాంసంలో ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు పెరుగుతుంది. కార్ప్ (బొచ్చె, రోహు లాంటి) చేపకు పిండి పదార్థం ఎక్కువ పెడితే అది దాన్ని ఒలీయిక్ ఆమ్లంగా, అంటే ఒమేగా-3 కాని మరో కొవ్వుగా మార్చి దాస్తుంది. స్కాట్లాండ్‌లో పెంచిన సాల్మన్ చేపల్లో 2006-2015 మధ్య ఈపీఏ, డీహెచ్ఏ (చేపలో దొరికే ముఖ్యమైన ఒమేగా-3 కొవ్వులు) దాదాపు సగానికి పడిపోయాయి. మేతలో చేప నూనె తగ్గి, మొక్కల నూనెలు పెరగడమే అందుకు కారణం.

పరిష్కారం చేపను బట్టి ఉంటుంది. కార్ప్, తిలాపియా లాంటి మంచినీటి చేపలు అవిసె నూనెలోని ఒమేగా-3ని కొంతవరకు ఈపీఏ, డీహెచ్ఏలుగా మార్చుకోగలవు. వాటి మేతలో అవిసె చేర్చడం పనికొస్తుంది. చెరువులో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) బాగుంటే ఇంకా మంచిది. సముద్ర చేపల్లో చాలావాటికి ఆ శక్తి దాదాపు లేదు. వాటికి చేప నూనెగానీ, సూక్ష్మ నాచు నూనెగానీ నేరుగా ఇవ్వాల్సిందే. మొదటి నుంచీ ఖరీదైన నూనె మేపక్కర్లేదు, పట్టుబడికి ముందు కొన్ని వారాలు లేదా నెలలు మారిస్తే చాలావరకు కోలుకుంటుంది. కానీ పాత కొవ్వు ఎక్కడికీ పోదు, కొత్త కొవ్వు వచ్చి కలిసేకొద్దీ దాని వాటా తగ్గుతుంది, అంతే. కాబట్టి చేప పెరుగుతున్నప్పుడే మార్చాలి. ఎదుగుదల ఆగాక ఎంత మంచి నూనె పోసినా ఫలితం తక్కువ.

సమస్య: పొట్టలో కొవ్వు, మెత్తటి మాంసం

మేతలో ప్రోటీన్‌తో పోలిస్తే శక్తి ఎక్కువై ఉంటుంది, లేదా చేప తినగలిగినదంతా పెట్టేస్తూ ఉంటారు. కొవ్వు పెరిగితే ఆ మేరకు మాంసంలో నీరు తగ్గుతుంది. అందుకే బరువు చూస్తే తేడా తెలియదు, కోస్తేనే బయటపడుతుంది. రోజువారీ మేత తగ్గించండి, గింజల వాటా తగ్గించి ప్రోటీన్ పెంచండి. అయినా తగ్గకపోతే భాస్వరం (ఫాస్ఫరస్) సంగతి చూడండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మొక్కల్లోని భాస్వరం ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది, చేప దాన్ని వాడుకోలేదు. కార్ప్‌కు కడుపు, అంటే ఆమ్లం తయారయ్యే సంచి లేదు. కాబట్టి ఎముకల్లోని భాస్వరం కూడా దానికి సరిగా అందదు. భాస్వరం చాలకపోతే ఎముకలు వంకరపోవడమే కాదు, ఒంట్లో కొవ్వూ పెరుగుతుంది. తేలిగ్గా కరిగే ఫాస్ఫేట్ మేతలో కలపాలి.

సమస్య: ఫ్రిజ్‌లో పెడితే త్వరగా పాత నూనె వాసన

ఒమేగా-3 పెంచినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఈ కొవ్వు గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది. మేతలో విటమిన్ ఇ చాలకపోతే మాంసానికి రక్షణ ఉండదు. ఎండలో నిల్వ ఉన్న పాత మేతైతే అందులోని నూనే ముందుగా పాడై ఉంటుంది. జపాన్‌లో పాడైన పట్టుపురుగు ప్యూపాలు మేపిన కార్ప్ చేపలకు వీపు కండ కరిగిపోయే జబ్బు వచ్చేది. విటమిన్ ఇ ఇస్తే ఆ జబ్బును ఆపగలమని తేలింది. నూనె పెంచినప్పుడల్లా విటమిన్ ఇ కూడా పెంచండి. వాసన మారిన సంచిని మంచి మేతతో కలిపి పెట్టొద్దు, పక్కన పడేయండి.

సమస్య: రంగు తేడా

సాల్మన్ పాలిపోతే మాంసానికి రంగునిచ్చే అస్టాజాంథిన్ మేతలో చాలలేదని అర్థం, చేప దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. తెల్ల మాంసం ఉండాల్సిన క్యాట్‌ఫిష్ పసుపు పచ్చగా మారితే మొక్కజొన్న గ్లూటెన్ తగ్గించండి.

సమస్య: మట్టి వాసన

దీనికి మేత మారిస్తే లాభం లేదు. నీటిలోని నీలి-ఆకుపచ్చ నాచు, కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ దీనికి కారణం. మేత ఆపి, శుభ్రమైన నీటిలో చేపలను కొన్ని రోజులు ఉంచితే వాసన మెల్లగా వదులుతుంది.

మేత మార్చాక మళ్లీ పరీక్షకు పంపేటప్పుడు మొదటిసారి ఏ సైజు చేప నుంచి, ఏ భాగం తీశారో ఈసారీ అదే తీయండి. పొట్ట వైపు మాంసంలో తోక వైపు కన్నా కొవ్వు ఎక్కువ. మొదటిసారి పొట్ట ముక్క, రెండోసారి తోక ముక్క పంపితే కనిపించే తేడా మేతది కాదు.