ఆస్ట్రేలియా పశువుల స్టేషన్లకు కొత్తగా వచ్చినవారికి: లేత గుర్రంపై మస్టరింగ్ రోజు

ఆస్ట్రేలియా ప్రభుత్వం 18 నుంచి 30 ఏళ్ల వయసున్న భారతీయులకు 2024 నుంచి వర్క్ అండ్ హాలిడే వీసాలు ఇస్తోంది. ఏటా 1,000 మందికి లాటరీ పద్ధతిలో ఈ అవకాశం దక్కుతుంది. రెండో ఏడాది కూడా ఉండదలచినవారు నిర్దేశిత ప్రాంతాల్లో మూడు నెలలపాటు నిర్దేశిత పని చేసి ఉండాలి. ఆ పనుల్లో పశుపోషణ ఒకటి కాబట్టి ఉత్తర క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీ స్టేషన్లలో, అంటే పశువులను పెంచే విశాలమైన క్షేత్రాల్లో, చేరాలనుకునే మనవారికి ఈ సూచనలు ఉపయోగపడతాయి. స్టేషన్ల విస్తీర్ణాన్ని ఎకరాల్లో ఊహించుకోవద్దు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆన్నా క్రీక్ ఒక్కటే 15,000 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది.

ఉత్తరాన వానలు తగ్గిన ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు మస్టరింగ్ సాగుతుంది. చెదిరి మేస్తున్న పశువులను కూడగట్టి, దొడ్లకు తోలి, దూడలకు గుర్తులు వేసి, అమ్మకానికి పనికివచ్చేవాటిని వేరుచేయడాన్ని ఇక్కడ మస్టరింగ్ అంటారు. దూరంగా ఉన్నవాటిని చిన్న హెలికాప్టర్లు తరుముకొస్తే, మందను కట్టుదిట్టంగా నడిపే బాధ్యత గుర్రాలపై ఉన్నవారిది. ఆ మందలో మీకు కనిపించే మూపురం, గంగడోలు మనవాళ్లకు కొత్త కాదు. ఎండకు, పిడుదులకు తట్టుకునే బ్రాహ్మన్ జాతిని అమెరికాలో మన ఒంగోలు పశువులతోపాటు గిర్, కాంక్రేజ్ వంటి జాతుల రక్తంతో రూపొందించారు. అక్కడి నుంచి అవి 1933లో క్వీన్స్‌లాండ్‌కు చేరాయి. అయితే ఇంటి దగ్గర ముక్కుతాడుతో నడిచే ఎద్దును చూసిన ధైర్యంతో వీటిని సమీపించకూడదు. వీటిలో చాలావాటికి ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప మనిషి కనబడడు.

గుర్రపుస్వారీ వచ్చునని మీరు చెప్పుకుంటే, కొన్నాళ్లకు కొత్తగా మచ్చికైన లేత గుర్రాన్ని మీకు అప్పగించవచ్చు. స్వారీ ఎంత వచ్చో ఉన్నదున్నట్టు ముందే చెప్పండి, ఇక్కడ గొప్పలకు మూల్యం ఎముకలతో చెల్లించాలి. అర్థం కానప్పుడు మర్యాదకు తల ఊపడం మనకు అలవాటు. ఆ ఊపు అవుననో కాదనో ఇక్కడివారికి తెలియదు కాబట్టి, అర్థం కాలేదని నోటితో చెప్పడమే క్షేమం. మేస్త్రీని, యజమానిని కూడా పేరుపెట్టే పిలుస్తారు, దాన్ని అమర్యాదగా భావించనక్కరలేదు.

ఇంకా తెల్లవారకముందే గుర్రాన్ని పట్టుకోవాలి. వెనుక నుంచి కాకుండా భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరకు వెళ్లండి. జీను వేసేముందు కింది దుప్పటిలో గడ్డిపుల్లలు లేకుండా చేత్తో తడిమి చూడండి, ఎందుకంటే ఉదయం కనిపించని ఒక ముల్లు మధ్యాహ్నానికి గుర్రం వీపును పుండు చేయగలదు. పొట్టపట్టీని ఒక్కసారిగా బిగించకుండా, కొంత బిగించి నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించండి. లేత గుర్రం ఊపిరి బిగపట్టి పొట్ట ఉబ్బిస్తుంది, నడవగానే పట్టీ వదులవుతుంది. ఎక్కకముందే దొడ్డిలో దాన్ని రెండు వైపులా తిప్పి, దూకుడు ఎంతుందో చూసుకోండి. నున్నటి అడుగు, కాస్త మడమ ఉన్న బూట్లు వేసుకుంటే పడినప్పుడు పాదం రికాబులో ఇరుక్కోదు. హెల్మెట్ పెట్టుకున్నందుకు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మందను కదిలించే కిటుకు దూరంలో ఉంది. ప్రతి పశువుకూ తాను సహించే హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు అంచున, భుజానికి వెనుకగా మీరు నిలిస్తే అది ముందుకు సాగుతుంది, భుజం దాటి ముందుకు వెళితే ఆగుతుంది లేదా వెనక్కు తిరుగుతుంది. హద్దులోకి చొచ్చుకుపోతే మాత్రం మంద చెదురుతుంది. అనుభవమున్న గుర్రానికి ఇదంతా తెలుసు, లేత గుర్రానికి మీరే నేర్పాలి. అందుకే దానికి మంద వెనుక, నిదానంగా నడిచే తల్లులూ దూడలూ ఉండే చోటును ఇస్తారు. తల్లి కనబడని దూడ చివరిసారి పాలు తాగిన చోటికే పరుగెడుతుంది. దాని వెంట గుర్రాన్ని దౌడు తీయించాలనే కోరిక ఎంత బలంగా ఉన్నా అణచుకొని, దూడ దాటిపోతున్నదని రేడియోలో చెప్పండి. ఒక దూడ పోతే రేపు దొరుకుతుంది, కానీ మొదటి వారంలోనే పరుగు రుచి మరిగిన గుర్రాన్ని నెమ్మదింపజేయడానికి నెలలు పడుతుంది. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో సగం పని గుర్రానికి, మిగిలిన సగమే పశువులకు.

హెలికాప్టర్ దగ్గరైనప్పుడు గుర్రం ముఖాన్ని దాని వైపు తిప్పి ఉంచండి. వెనుక నుంచి వచ్చే మోతకే అది ఎక్కువ బెదురుతుంది. పట్టు తప్పి పరుగెత్తబోతే రెండు పగ్గాలూ గుంజకుండా ఒక పగ్గాన్నే దగ్గరకు తీసి, తలను పక్కకు తిప్పి చుట్టూ తిరగనివ్వాలి. చెవులు వెనక్కు వాల్చడం, తోకను పదేపదే విసరడం, చదునైన నేలపైనే తడబడటం అలసటకు గుర్తులు. అప్పుడు దిగి, పట్టీ వదులు చేసి, గుర్రం మార్చమని అడగాలి. మంచి స్టేషన్లలో లేత గుర్రంతో సగం పూటకు మించి పని చేయించరు. అందుకే మీరు నామోషీ పడవలసింది లేదు. మీ దాహాన్నీ అలాగే ముందే కనిపెట్టుకోండి, దప్పిక అయ్యేదాకా ఆగవద్దు.

రాకముందు చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. పశువుల మధ్య పనిచేసేవారికి సోకే క్యూ ఫీవర్‌కు ఇక్కడ టీకా ఉంది, దానికి ముందు రక్తపరీక్ష, చర్మపరీక్ష తప్పనిసరి. ధనుర్వాతం టీకా కూడా చూసుకోండి. ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ మీకు వర్తించదు కాబట్టి ప్రమాదాలకు వర్తించే బీమా తీసుకోండి. వైద్యం అందని చోట్లకు 1928లో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సేవ విమానంలో వస్తుంది. వంటశాలలో మూడు పూటలా గొడ్డుమాంసమే కనబడవచ్చు, తిననివారు చేరకముందే తెలియజేయాలి. ఆవకాయ తెచ్చుకుంటే విమానాశ్రయంలో ప్రయాణికుల ప్రవేశ కార్డుపై తప్పక రాయండి. గుర్రాల దగ్గర వాడిన బూట్లకూ అదే నియమం.

సాయంత్రం జీను దించాక వీపు తుడిచి, నాలుగు డెక్కల్లో రాళ్లు తీసి, నీళ్లు తాగించిన తరువాతే మీ భోజనానికి వెళ్లండి. గుర్రం ఎక్కడ బెదిరిందో, ఏ కాలు బరువుగా వేసిందో పశువుల పనివారిని నడిపించే పెద్ద స్టాక్‌మన్‌కు ఆ రాత్రే చెప్పాలి, తెల్లవారుజామున ఎవరికి ఏ గుర్రమో ఆయన నిర్ణయించేది దాన్నిబట్టే.