కేర్ హోమ్‌కి వెళ్ళినప్పుడు ముందు సాక్సులు తీసి చూడండి

బెంగళూరులో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి అనుకుంటారు. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. మంచం దిగలేని వాళ్ళను, ఒంటరిగా వదల్లేని వాళ్ళను నెలకింత అని తీసుకుని అన్నం పెట్టి, మందులేసి, స్నానం చేయించి చూసుకునే కేర్ హోమ్‌ల గురించి. పిల్లల ఉద్యోగాల వల్ల అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చేసిన పెద్దవాళ్ళు ఇప్పుడు వీటిలో చాలామందే ఉన్నారు. మా అమ్మ ఒకదాంట్లో 14 నెలలు ఉంది. పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మాట కాస్త ముద్దగా వచ్చేది, తెలివి మాత్రం పూర్తిగా ఉంది. ఆ 14 నెలల్లో నేను ఆలస్యంగా తెలుసుకున్నవి మీరు మొదటి వారంలోనే చూసుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

చేర్చే ముందు చూడ్డానికి వెళ్తే ఫోన్ చేసి, వాళ్ళు రమ్మన్న టైముకి వెళ్ళకండి. పొద్దున 11 గంటలకి ఏ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది, స్నానాలు అయిపోయి ఉంటాయి, అప్పుడే తుడిచి ఉంటారు. ఒకసారి అలా వెళ్ళినా, రెండోసారి చెప్పకుండా రాత్రి ఏడున్నరకి, డ్యూటీ మారే టైముకి వెళ్ళండి. మూడోసారి పండగ మర్నాడు. సంక్రాంతికో దీపావళికో ఆయాలు సగం మంది ఊళ్ళకు పోతారు, ఆ రోజు ఎవరు ఎవరిని చూస్తున్నారో అదే ఆ హోమ్ అసలు స్థాయి. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లను (అక్కడ ఇలాంటి కేర్ హోమ్‌లనే అలా అంటారు) తనిఖీ చేసే ప్రభుత్వ బృందాలు ముందు చెప్పకుండానే వెళ్తాయి, ఒక తనిఖీకి ఇంకో తనిఖీకి మధ్య 15 నెలలు దాటకూడదని అక్కడ నియమం. మనకు ఎవరో ఆఫీసరు వచ్చి చూస్తాడులే అని కూర్చుంటే జరిగే పని కాదు. ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

"స్టాఫ్ ఎంతమంది?" అని అడిగితే మేనేజరు మొత్తం లెక్క చెప్తారు, అందులో వంటమనిషి, సెక్యూరిటీ కూడా ఉంటారు. అలా కాకుండా "నిన్న రాత్రి ఈ ఫ్లోరులో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళ పేర్లేంటి, నర్సు ఉన్నారా లేక ఆయాలేనా?" అని అడగండి. మంచం పక్కనున్న బెల్లు మీరే నొక్కి, ఫోన్లో టైము చూసుకుంటూ నిలబడండి. ఎవరూ రాకపోతే ఎందుకు రాలేదో అడగండి, బెల్లు పనిచేయట్లేదా, వినే మనిషి లేదా అని. రెండూ వేరే వేరే సమస్యలు.

ఇక నా తప్పు. చలికాలం కదా అని అమ్మకు సాక్సులు వేసి ఉంచేవాళ్ళు. నేను వెళ్ళేదాన్ని, పక్కన కూర్చుని కబుర్లు చెప్పి, పండు తినిపించి, నుదుటి మీద ముద్దు పెట్టి వచ్చేసేదాన్ని. మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఒక ఆదివారం కాలి గోళ్ళు తీద్దామని సాక్సు లాగితే ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ, వేలు పెడితే మాగిన సపోటాలా మెత్తగా లోపలికి పోయింది. పడిపోయిన కాలు కాబట్టి అమ్మకు నొప్పి కూడా తెలియలేదు. కదల్లేనివాళ్ళను తిప్పకుండా ఒకేలా పడుకోబెడితే ఒత్తిడికి వచ్చే పుండు అది. సిస్టర్‌ని పిలిస్తే, పేషెంట్‌ని పక్కకు తిప్పినట్టు రాసే రిజిస్టర్ తెచ్చి చూపించారు. రెండేసి గంటలకు ఒక టిక్కు, చాలా చక్కగా ఉన్నాయి. అప్పుడు టైము మధ్యాహ్నం మూడున్నర, రిజిస్టర్లో సాయంత్రం ఆరింటి దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి.

అందుకే చెప్తున్నాను, వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళు చూడండి. నడుము కింద ఎముక, రెండు తుంట్లు, మడమలు, చీలమండలు, తల వెనక, చెవుల అంచులు. పక్కన తెర లాగి, అమ్మనో నాన్ననో అడిగి, వాళ్ళకు సిగ్గు అనిపించకుండా చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ రంగు రావాలి, నొక్కినా ఆ రంగు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒళ్ళలో ఎరుపు సరిగా కనబడదు, కాబట్టి చేత్తో తడిమి చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మరీ మెత్తగా ఉందా చూసుకోవాలి. మడమకు దిండు పెట్టామంటారు కానీ దిండు మడమ కింద కాదు, పిక్క కింద పెట్టాలి, మడమ గాల్లో ఉండాలి. పంపుతో గాలి నింపే ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. ఆ పంపు ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, స్విచ్ తీసి ఫోన్ ఛార్జర్ పెట్టిన రోజులు నేను చూశాను.

ఆ ఆదివారం నేను ఆయా మీద గట్టిగా అరిచాను. తర్వాత తెలిసింది, రాత్రిపూట ఆ ఫ్లోరులో 18 మందికి ఆమె ఒక్కతే. ఒక్క మనిషి పెద్ద ఒళ్ళును ఎత్తి తిప్పలేదు, చంకల్లో చేతులు పెట్టి ఈడుస్తుంది, ఆ ఈడ్పులోనే చర్మం లోపల చీలిపోతుంది. ఇద్దరు కలిసి, కింద మడిచిన దుప్పటి పట్టుకుని ఎత్తితే ఆ సమస్య ఉండదు. ఆమె మీద అరిస్తే ఇవేవీ మారవు, మేనేజరు డ్యూటీలు మారిస్తేనే మారతాయి. మర్నాడు వెళ్ళి ఆయాకు క్షమాపణ చెప్పి, మేనేజరు దగ్గర రెండే రెండు అడిగాను. రాత్రి తిప్పే టైములకు కింది ఫ్లోరు ఆయా పైకి రావాలి. రిజిస్టర్ నర్సుల టేబుల్ మీద కాకుండా మంచం కాళ్ళ వైపు వేలాడాలి, అందులో టిక్కు పెట్టకూడదు, టైము, ఎడమకు తిప్పారా కుడికా వెల్లకిలా అన్నది రాయాలి. ఇప్పుడు ఎవరు వెళ్ళినా చూసిన వెంటనే తెలిసిపోతుంది, కాగితం కుడి వైపు అంటోంది, మనిషి వెల్లకిలా ఉంది అని. మడమ మానడానికి రెండు నెలలు పైగా పట్టింది, కొత్తది మాత్రం రాలేదు.

నీళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. అమ్మ పక్కన స్టీలు గ్లాసు ఎప్పుడూ నిండుగా ఉండేది, బాగా చూస్తున్నారనుకున్నాను. టేబుల్ ఎడమ వైపు ఉంది, అమ్మది ఎడమ చెయ్యే పడిపోయింది. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రం దాకా అలాగే ఉండేవి. టేబుల్ కుడి వైపుకు జరపడానికి అర నిమిషం పట్టలేదు. గ్లాసు ఉందా అని కాదు, గ్లాసు అందుతోందా, మనం వచ్చినప్పటికి ఎంత తగ్గింది అని చూడండి. పెదాలు ఎండిపోవడం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం చూస్తే వెంటనే అడగండి.

భాష గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఇక్కడ ఆయాలు కన్నడం వాళ్ళు, ఒడియా వాళ్ళు, బెంగాలీలు, ఈశాన్యం నుంచి వచ్చిన పిల్లలు. మా వైపు మూత్రానికి వెళ్ళాలంటే "ఒంటికి పోవాల" అంటారు. కన్నడంలో ఒంటి అంటే ఒంటరి. అమ్మ "ఒంటికి, ఒంటికి" అంటుంటే కన్నడం ఆయా ఒకమ్మాయి, అమ్మ పాపం ఒంటరిగా ఉందని బాధపడుతోందనుకుని పక్కన కూర్చుని చెయ్యి నిమిరింది, పక్క తడిసిపోయింది, అమ్మ ఏడ్చింది. ఆ పిల్ల మంచిదే. అప్పుడు ఒక అట్ట మీద పది మాటలు రాసి గోడకు అంటించాను, దాహం, ఆకలి, నొప్పి, ఒంటికి, రెంటికి, చలి, తల తిరుగుతోంది ఇలాంటివి, పక్కన కన్నడ లిపిలో అర్థం, చదువు రానివాళ్ళకు బొమ్మ. డిమెన్షియా ఉన్నవాళ్ళకు తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోయి, చివరికి చిన్నప్పటి తెలుగే మిగలడం మామూలే. మీ వాళ్ళు ఇంట్లో ఏ మాట వాడతారో అదే రాయండి, పుస్తకంలో మాట రాయకండి.

తిండిలో రుచి కంటే ముందు టైము చూడండి. చాలా చోట్ల రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేస్తారు, టిఫిన్ ఎనిమిదిన్నరకి, అంటే మధ్యలో 14 గంటలు. అమెరికా నిబంధనల్లో మామూలుగా ఆ 14 గంటలే గరిష్ఠం. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే వాళ్ళకు తెల్లవారుజామున షుగర్ పడిపోతే ఎవరికీ తెలియదు, నిద్రపోతున్నారనుకుంటారు. పడుకునే ముందు పాలో, రెండు బిస్కెట్లో ఇస్తారా, డాక్టరును అడిగి రాయించండి. నెలకోసారి బరువు చూడమనండి. 50 కిలోల మనిషి నెలలో 47.5కి వచ్చిందంటే, అంటే 5 శాతం తగ్గిందంటే, "వయసు కదా" అనే మాట ఒప్పుకోకండి.

పగలు హాల్లో అందరూ తలలు వేలాడేసి నిద్రపోతుంటే మందుల చార్టు అడిగి, డాక్టరు రాసిన చీటీతో పోల్చి, నిద్రమాత్రలు ఎవరు ఎందుకు మొదలుపెట్టారో అడగండి. రాత్రి మనుషులు తక్కువైన చోట అది సులువైన దారి. ట్యూబుతో తిండి పెట్టేవాళ్ళకు పెట్టేటప్పుడూ, తర్వాత కనీసం అరగంటా తల వైపు ఎత్తి ఉండాలి. యూరిన్ బ్యాగు పొత్తికడుపు కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు. బాత్రూంలో పట్టుకునే రాడ్డును మీ బరువంతా వేసి లాగి చూడండి. హాలంతా ఫినాయిల్ వాసన గుప్పుమంటుంటే దాని కింద ఇంకేదైనా వాసన దాగుందేమో చూడండి.

ఫిర్యాదు చేసేటప్పుడు ఒకేసారి పదిహేను చెప్తే ఒక్కటీ జరగదు. నెలకు ఒకటి పట్టుకోండి, మేనేజరుకు వాట్సాప్‌లో రాసి పెట్టండి, ఏ తేదీకి మారుతుందో వాళ్ళ చేతే రాయించండి, ఆ తేదీకి వెళ్ళి చూడండి. పక్క మంచాల వాళ్ళ పిల్లల నంబర్లు తీసుకోండి, వేరే వేరే రోజుల్లో వస్తే వారమంతా ఎవరో ఒకరి కన్ను ఉంటుంది. బాగా చేసిన ఆయా పేరు మేనేజరుకు చెప్పండి, అదీ రాతపూర్వకంగా.

కాగితాల విషయానికి వస్తే, చికిత్స కూడా చేస్తామనే చోట కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రుల, క్లినిక్కుల చట్టం అయిన కేపీఎంఈ చట్టం, 2007 కింద రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. వంటింటికి ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు అడగండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ఎవరు వెంట వెళ్తారు అన్నవి అగ్రిమెంటులో ఉండాలి. కొట్టడం, కట్టేయడం, తిండి ఆపడం లాంటివి కనిపిస్తే మాత్రం తేదీల కోసం ఆగొద్దు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, బెంగళూరులో పోలీసులతో కలిసి నడిచే ఎల్డర్స్ హెల్ప్‌లైన్ 1090 ఉంది. ప్రాణాపాయం అయితే 112. డబ్బు తీసుకుని సేవ సరిగా చేయలేదనే గొడవకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

హోమ్ మార్చాల్సి వస్తే బయల్దేరే రోజు ఒళ్ళంతా చూసి, మచ్చలు, పుండ్లు ఉన్నచోట తేదీ కనబడేలా ఫోటోలు తీసి, మందుల చార్టు కాపీతో పాటు పెట్టుకోండి. కొత్త చోట పడుకోబెట్టగానే అక్కడి నర్సును పక్కన నిలబెట్టుకుని మళ్ళీ చూసి, వాళ్ళ రిజిస్టర్లో రాయించి సంతకం తీసుకోండి. సాక్సులు తీయడం మర్చిపోకండి.